కాశీల ఇడిసిన కాకరకాయ: పాలమూరు, నల్లగొండ మాటల్లో ఒక ఊరి పేరు

పెళ్లి బంతిలో కాకరకాయ వడ్డించే పిల్ల గరిటె వంచేలోపే పెద్దావిడ విస్తరి మీద చెయ్యి అడ్డం పెడుతుంది. "వద్దు బిడ్డా, కాశీల ఇడిసిన." ఆ పిల్ల మారుమాట్లాడదు. చేదు పడదంటే ఊరుకోరు. షుగరుకు మంచిదంటారు, ఒక్క ముక్క తినమంటారు. కాశి పేరు చెప్పాక మాత్రం గరిటె పక్క విస్తరికి పోతుంది. కూర వద్దనడానికి ఇంతకంటే బలమైన మాట పాలమూరులో లేదు, నల్లగొండలోనూ లేదు.

కాశికి పోతే ఒక పండు, ఒక కూరగాయ విడిచిపెట్టాలన్నది ఆచారం. ఇష్టమైనదాన్ని విడవమని పెద్దలు చెబితే, ఇష్టం లేనిదాన్ని విడిచి రావడం జనం నేర్చుకున్న ఉపాయం. నాగర్‌కర్నూల్ వైపు పనసపండు విడిచినవాళ్లు ఎందరో కనిపిస్తారు, అక్కడి సంతల్లో ఆ పండు కనిపించేదే అరుదు. వంకాయ విడిచినవాళ్లను లెక్కపెట్టడానికి ఒక చేతి వేళ్లు చాలు. ఇందులో ఇంకో తిరకాసు ఉంది. ఈ విడిచిపెట్టడం ఎక్కువమంది చేసేది కాశిలో కాదు, గయలో. పిండాలు పెట్టాక అక్షయవటం అనే మర్రి కింద పండా, అంటే అక్కడి పురోహితుడు, చెప్పిస్తుంటే అనే మాట అది. "గయల ఇడిసిన" అని మాత్రం ఊళ్లో ఎవరూ అనరు. ప్రయాగలో మునక, కాశిలో దర్శనం, గయలో పిండం. ఈ మూడింటినీ కలిపి శాస్త్రం త్రిస్థలి అంటుంది. ఊరు ఆ మూడింటికీ కలిపి కాశి అనే అంటుంది. అంటే మన వాడుకలో కాశి ఊరి పేరు కాకముందే ఒక యాత్ర పేరు. మూడు ఊళ్లు చేసిన పనికి పేరొచ్చింది ఒక్క ఊరికి.

ఆ ఒక్క ఊరికైనా పేరు ఒక్కటే కాదు. కాశి, వారణాసి, బనారస్ మూడూ వాడుకలో ఉన్నాయి, ఒకదాని పని ఇంకోటి చేయదు. దేవుడికి, చావుకు, సామెతకు కాశి. రైలు టికెట్టుకు, ఎన్నికల వార్తకు వారణాసి. చీరకు, పాన్‌కు బనారస్. అటూ ఇటూ మార్చి చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది. బట్టల అంగట్లో కూర్చుని "కాశి చీర చూపించు" అంటే అంగడాయన ఒక్క క్షణం ఆగిపోతాడు. "బనారస్‌లో పోతే మోక్షం" అని ముసలాయన అంటే మనవలు నవ్వుతారు. "వారణాసికి పోయినోడు కాటికి పోయినోడు" అంటే అది సామెతే కాదు. ఊరి మారుపేర్లుగా బడిలో చదువుకున్నవి నిజానికి మారుపేర్లలా నడవడం లేదు, ఒకే ఇంట్లో ముగ్గురు కోడళ్లలా పని పంచుకున్నాయి. ఇంతకీ ఆ పంపకం ఎప్పుడూ ఇలాగే ఉందా అంటే లేదు.

పాత లెక్కలో కాశి ఊరు కాదు, రాజ్యం. కాశులు అనే జనం పేరు మీద వచ్చిన రాజ్యం అది. బుద్ధుడి నాటి పదహారు మహాజనపదాల్లో ఒకటి. దానికి రాజధాని వారణాసి. వరణ, అసి అనే రెండు ఏర్ల మధ్య ఉన్నది కాబట్టి వారణాసి అని పురాణాలు చెప్పే వ్యుత్పత్తి. వరణ నిజంగానే నది. అసి ఇప్పుడు మురికికాలువ. ఈ జోడింపు తర్వాతి కాలం వాళ్లు అతికిందేమోనన్న అనుమానం పండితులకు లేకపోలేదు. పాళీలో వారణాసిని బారాణసి అన్నారు. ఆ మాటలో ర, ణ చోటు మార్చుకుంటే బనారస్. మొగలుల కాగితాల్లోనూ ఇంగ్లీషువాళ్ల కాగితాల్లోనూ నడిచింది ఆ రూపమే. స్వాతంత్ర్యం వచ్చాక 1956 మే 24న ప్రభుత్వం వారణాసి అనే పేరును ఖాయం చేసింది. అంటే టికెట్టు మీద కొత్తగా కనిపించే పేరే ఒక లెక్కన పాతది.

కాశి అన్న మాటకు అర్థం ఏమిటంటే సంస్కృతంలో "కాశ్" అంటే వెలగడం. వెలుగుల ఊరు కాశి అని స్కాంద పురాణంలోని కాశీఖండం. కాశ అంటే రెల్లు గడ్డి అని కూడా అర్థం ఉంది కాబట్టి గంగ ఒడ్డున రెల్లు పెరిగిన చోటని ఇంకో ఊహ. రెల్లు ఊరని చెబితే భక్తుడికి రుచించదు, అందుకే వెలుగే గెలిచింది. అదే కాశీఖండంలో అవిముక్తం, ఆనందకాననం, మహాశ్మశానం అని మరికొన్ని పేర్లున్నాయి. శివుడు ఎన్నడూ విడవనిది అవిముక్తం. ఒకే ఊరిని ఆనందవనమనీ పెద్ద శ్మశానమనీ పక్కపక్కనే పిలవడం మిగతా క్షేత్రాల విషయంలో కనిపించదు. శ్రీనాథుడు 15వ శతాబ్దంలో దీన్ని తెలుగు చేశాడు. "కాశీఖండం అయఃపిండం", ఇనుప గుండు అన్నారు చదవబోయినవాళ్లు. పుస్తకం కొరుకుడు పడలేదు గానీ అందులోని కథలు మాత్రం హరికథల మీదుగా పల్లెకు చేరాయి.

నల్లగొండ నేలకు ఈ ఊరితో ఉన్న పాత బంధం మాత్రం శివుడి వల్ల వచ్చింది కాదు. తుంగతుర్తి దగ్గరి ఫణిగిరి గుట్ట మీద బౌద్ధ స్తూపం, విహారాలు బయటపడ్డాయి. ఇక్ష్వాకు రాజు రుద్రపురుషదత్తుడి కాలంలో అక్కడ ధర్మచక్రాన్ని నిలిపినట్టు శాసనం చెబుతుంది. బుద్ధుడు మొదటిసారి ధర్మచక్రం తిప్పింది వారణాసి పక్కన, నేటి సారనాథ్‌లో. ఆ సూత్రం మొదలయ్యేదే "బారాణసియం విహరతి" అని. ఫణిగిరి చక్రం గుర్తు చేసేది ఆ చోటినే. కృష్ణకు ఈ ఒడ్డున ఆ ఊరి ప్రతిష్ఠ గుట్ట ఎక్కినప్పుడు అందులో విశ్వనాథుడి ఊసు లేదు, పాపం కడుక్కునే గంగ ఊసూ లేదు.

ఆ బౌద్ధ గ్రంథాల్లోనే ఇంకో సంగతి ఉంది. శ్రేష్ఠమైన బట్టను వాటిలో "కాసిక వస్త్రం" అంటారు. ఇంట్లో ఉన్నప్పుడు తన తలపాగా, పైబట్ట అన్నీ కాశివేనని బుద్ధుడు చెప్పుకున్న సూత్రం ఉంది. రెండున్నర వేల ఏళ్ల కింద బట్ట పేరు కాశి. ఇప్పుడది బనారస్. బట్ట వ్యాపారం పేరు మార్చుకుంది, కాశి అనే మాట అంగడి దిగి గుడి మెట్లు ఎక్కింది. పేరు పవిత్రమైనకొద్దీ దానికి వెల కట్టడం కష్టమైందేమో. ఇది ఊహే గానీ గద్వాల అంగళ్లలో మాట్లాడే తీరు చూస్తే అంత తప్పు ఊహ అనిపించదు.

ఇప్పుడు దూరం సంగతి. "కాశీకి పోయినోడు, కాటికి పోయినోడు ఒక్కటే" అనే సామెత రైలు రాకముందు పుట్టింది. దానిలో అతిశయోక్తి ఎంత తక్కువో తెలుసుకోవాలంటే ఏనుగుల వీరాస్వామయ్య రాసిపెట్టిన యాత్ర చూడాలి. ఆయన మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసి, అంటే ఒకరి మాట ఒకరికి అనువదించి చెప్పేవాడు. 1830 మే 18న బయలుదేరి, తిరిగి ఇల్లు చేరింది 1831 సెప్టెంబరు 3న. పదిహేను నెలల పైమాట. పరివారం, బోయీలు, డబ్బు, కంపెనీ దొరల పరిచయాలు అన్నీ ఉన్నవాడి సంగతి ఇది. ఆయన శ్రీశైలం చూసుకుని, కృష్ణ దాటి, నేటి వనపర్తి జిల్లా పానగల్లు, ఆపైన జడచర్ల, జానంపేట మీదుగా హైదరాబాద్ చేరాడు. వీటిలో జడచర్ల, జానంపేట ఈ రోజు నలభై నాలుగో నంబరు జాతీయ రహదారి మీద బస్సులో కునుకు తీస్తూ దాటే ఊళ్లు. జానంపేటంటే షాద్‌నగర్ పక్కనున్న ఫరూఖ్‌నగర్. ఆనాడు పాలమూరు నేల కాశి దారిలో మజిలీల వరస, అంటే రాత్రికి ఆగే చోట్ల వరస. రోజుకో మజిలీ, మజిలీకో కథ అన్న అల్లిక తెలుగులో ఎంత పాతుకుందంటే, ఎంతకీ తెగని ముచ్చటను ఇప్పటికీ "కాశీ మజిలీ కథ" అంటారు. భూమి కేసు ఎందాక వచ్చిందని అడిగితే "అదా, కాశీ మజిలీ కథ" అన్న జవాబు ఏ తహసీల్ ఆఫీసు ముందైనా వినొచ్చు. ఆ మాటన్నవాడికి కాశి గుర్తుండదు, మజిలీ అంటే ఏమిటో కూడా గుర్తుండదు. మాటకు వయసు మీద పడిందనడానికి అదే గుర్తు.

దూరం పెద్దది కాబట్టి ఎగతాళి కూడా పెద్దదే. "కాశీకి పోయి కుక్కబొచ్చు తెచ్చినట్టు" అనేది అంత దూరం పోయి పనికిమాలింది పట్టుకొచ్చినవాడి మీద విసురు. "కాశీ పట్నం చూడరా బాబూ" అని సంతలో బయస్కోపు పెట్టెవాడు పిలిచేది పోలేనివాళ్లనే. పెట్టెకు కన్ను ఆనిస్తే చాలు, పదిహేను నెలల దారి రెండు నిమిషాల్లో కళ్ల ముందు తిరిగిపోయేది.

ఈ మాట చావు వైపే చూస్తుందనుకుంటే పెళ్లి మండపంలో ఇంకో అర్థం ఎదురొస్తుంది. బ్రాహ్మణుల, కోమట్ల ఇళ్లలో స్నాతకం కాగానే పెళ్లికొడుకు కాశికి బయలుదేరతాడు. కళ్లకు కాటుక, కాళ్లకు పావుకోళ్లు, ఓ చేత గొడుగు, ఇంకో చేత కర్ర. ఫంక్షన్ హాల్ గేటు దాకా పోతాడు. ఆడపిల్ల తమ్ముడు ఎదురొచ్చి నోట్లో బెల్లం ముక్క పెట్టి, "కాశికి ఎందుకు బావా, మా అక్కనిస్తం, ఇల్లు పట్టుకో" అని వెనక్కి తిప్పుతాడు. ఇప్పుడు గొడుగుకు లేసు, పూసలు కుడుతున్నారు. ఫోటో సరిగా పడలేదని ఫోటోగ్రాఫర్ కోరితే రెండోసారి కూడా సన్యాసానికి బయలుదేరుతున్నారు. ఒకసారి పావుకోలు తెగితే మామగారి హవాయి చెప్పులతోనే యాత్ర సాగించిన వరుడు కూడా ఉంటాడు. ఎవరూ తప్పు పట్టరు.

ఈ కాశి మోక్షానిది కాదు, చదువుది. బ్రహ్మచారి పై చదువుకు పోయే చోటది. పాణిని వ్యాకరణం మీద 7వ శతాబ్దం నాటి ప్రసిద్ధ వ్యాఖ్యకు పేరే కాశిక. కాశిలో చదివొచ్చాడంటే నిన్నమొన్నటిదాకా శాస్త్రి మాటకు ఎదురుండేది కాదు. 1916లో పుట్టిన విశ్వవిద్యాలయం తన ఇంగ్లీషు పేరులో కాశిని కాక బనారస్‌ను పెట్టుకుంది, దాన్ని మనవాళ్లు మాత్రం కాశీ విశ్వవిద్యాలయం అనే అంటూ వచ్చారు. ఆ చదువుల కాశి మాట నుంచి జారిపోయింది. మండపంలో గొడుగు పట్టుకుని మిగిలింది.

పోలేనివాళ్లు ఏం చేశారు? కాశినే తెచ్చుకున్నారు. దేశమంతా చేసిన పనే ఇది. హిమాలయాల్లో ఉత్తరకాశి, గుప్తకాశి. తమిళనాట తెన్‌కాశి, అంటే అచ్చంగా దక్షిణ కాశి. దక్షిణ కాశులమని చెప్పుకునే క్షేత్రాలకు లెక్కే లేదు. కర్ణాటకలో నంజనగూడు, మహారాష్ట్రలో కొల్హాపురం, తెలంగాణలో వేములవాడ, కాళేశ్వరం, ఆంధ్రలో గోదావరి దిగువన ద్రాక్షారామం. ఒకే బిరుదు ఇంతమందికి ఎలా చెల్లుతుందని అడిగితే ఆ బిరుదు పనే అర్థం కానట్టు. దక్షిణ కాశి అన్నది పోటీలో గెలిచిన పతకం కాదు. ఈ చుట్టుపక్కల వాళ్లు అంత దూరం పోనక్కర లేదని భరోసా చెప్పే మాట. వంద మైళ్లకు ఒకటి ఉన్నా ఎక్కువేం కాదు.

పాలమూరు వాళ్లకు ఆ చోటు అలంపురం. ఇప్పుడది జోగులాంబ గద్వాల జిల్లాలో ఉంది. బాదామి చాళుక్యులు 7, 8 శతాబ్దాల్లో కట్టిన తొమ్మిది గుళ్లు అక్కడివి. తారక, స్వర్గ, పద్మ, బాల, గరుడ, కుమార, అర్క, వీర, విశ్వ అని వాటి పేర్లు. అన్నింటి చివరా బ్రహ్మ అని ఉంటుంది, లోపల అన్నీ శివలింగాలే. పేరు ఒకటి, లోపలున్నది ఇంకోటి అన్న సంగతి ఈ ఊరికి కొత్త కాదన్నమాట. కాశితో పోలికను పూజారులు ఒక్కొక్కటీ వేళ్ల మీద ఎంచి చూపిస్తారు: అక్కడ గంగ, ఇక్కడ తుంగభద్ర, అక్కడ విశ్వేశ్వరుడు, ఇక్కడ బాలబ్రహ్మేశ్వరుడు, అక్కడ విశాలాక్షి, ఇక్కడ జోగులాంబ. అష్టాదశ శక్తిపీఠాల శ్లోకంలో "అలంపురే జోగులాంబా" అనీ "వారణాస్యాం విశాలాక్షీ" అనీ రెండూ ఉన్నాయి. శ్లోకంలో కాశి అని లేదు, వారణాసి అని ఉంది. టికెట్టు పేరని ఇందాక చెప్పుకున్నది దేవుడి నోట కూడా పలుకుతుందనడానికి ఇదొక్కటి చాలు. పంపకం మన వాడుకది, సంస్కృతానిది కాదు.

పూజారి ఎంచని పోలిక ఒకటి కంటికి కనిపిస్తుంది. దక్షిణాది గుడి గోపురం అంతస్తులు అంతస్తులుగా ఎక్కుతుంది. తారకబ్రహ్మ గుడి తప్ప అలంపురం గుళ్ల శిఖరాలు అలా ఉండవు. కింది నుంచి నిలువు గీతల్లా లేచి, పైకి పోయేకొద్దీ లోపలికి వంగి, నెత్తిన ఉసిరికాయను అడ్డంగా కోసినట్టు గాట్లున్న రాతి చక్రాన్ని మోస్తుంటాయి. ఆ చక్రాన్ని ఆమలకం అనేది అందుకే. ఇది ఉత్తరాది నాగర పద్ధతి, తెలుగు నేల మీద అరుదు. తుంగభద్ర ఒడ్డున నిలబడి ఆ శిఖరాల వైపు తిరిగితే ఉత్తరాదికి పోయొచ్చినట్టే ఉంటుంది. దక్షిణ కాశి అన్న పేరు వేరే చోట్ల నమ్మకంతో నిలబడింది, ఇక్కడ రాతితో కూడా నిలబడింది.

ఈ ఊరి పక్కనే ఇంకో పేరు కథ ఉంది. కృష్ణా తుంగభద్రలు కలిసే కూడవెల్లి దగ్గర సంగమేశ్వరాలయం ఉండేది. శ్రీశైలం జలాశయం నీళ్లు కమ్ముతాయని దాన్ని రాయి రాయీ విప్పి తెచ్చి అలంపురంలో మళ్లీ కట్టారు. పాపనాశి గుళ్లనూ అలాగే తరలించారు. సంగమం నీటి కింద ఉండిపోయింది, సంగమేశ్వరుడు మాత్రం ఒడ్డెక్కాడు. ఇప్పుడా గుడి ముందు ఏ నదీ ఏ నదితోనూ కలవదు. ఎవరూ పేరు మార్చాలనుకోలేదు కూడా. పేరు చోటును విడిచి దేవుడి వెంట నడుస్తుందనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కర్లేదు.

నల్లగొండ వాళ్లకు ఆ పని చేసేది వాడపల్లి. మూసీ వచ్చి కృష్ణలో పడే చోట మీనాక్షీ అగస్త్యేశ్వరాలయం ఉంది. అగస్త్యుడి పేరు ఇక్కడ ఉండటం ఊరికే కాదు. కాశీఖండం మొదలయ్యేదే ఆయన కాశిని విడిచిన ముచ్చటతో. వింధ్య పొగరు అణచడానికి దేవతలు పంపితే ఏడుస్తూ దక్షిణానికి వచ్చాడు, మళ్లీ పోలేదు. కాశికి పోలేని జనానికి, కాశిని పోగొట్టుకున్న ముని తోడు దొరికాడు. దక్షిణాన ఏటి ఒడ్డున ఎక్కడ చూసినా అగస్త్యేశ్వరుడు ఎందుకు కనిపిస్తాడో ఈ కథ పట్టుకుంటే తెలుస్తుంది.

వాడపల్లి, బీచుపల్లి, సోమశిల ఒడ్డులకు రోజూ వచ్చే వాళ్లలో బొక్కలు, అంటే అస్థికలు, కలపడానికి వచ్చే కుటుంబాలు ఉంటాయి. ఎర్రగుడ్డ కట్టిన చిన్న కుండ, వెంట ఇద్దరు ముగ్గురు మగవాళ్లు, గుండు చేసే మంగలి. పని అయ్యాక ఇంటికి ఫోన్ చేసి చెప్పే మాట "గంగల కలిపినం" అని. పారేది కృష్ణ. తెలంగాణలో గంగ ఒక నది పేరు కాదు, పారే నీళ్లన్నింటి పేరు. ఆదిలాబాద్, కరీంనగర్ వైపు గోదావరినే గంగ అంటారు. చెరువు నిండితే "గంగమ్మ వచ్చింది" అంటారు. కాబట్టి గంగను తెచ్చుకోవడానికి ఇక్కడివాళ్లకు పురాణం అవసరం పడలేదు, భాషే ఆ పని చేసిపెట్టింది. కాశి మాత్రం అంత సులువుగా లొంగలేదు. దానికి ముందు "దక్షిణ" అని తగిలించాల్సి వచ్చింది. వరంగల్‌లో కాశీబుగ్గ అనే పేరు ఉంది. బుగ్గంటే నీటి ఊట. కాశి గంగ భూమి కింద నడిచొచ్చి అక్కడ ఊరిందన్న నమ్మకం ఆ ఒక్క మాటలో ఇమిడింది.

అయితే కాశి ఎంత పెద్ద మాటైనా పాలమూరు పూజలో దిక్కు చెప్పేది అది కాదు. పంతులు సంకల్పం చెబుతూ ఊరి ఉనికిని "శ్రీశైలస్య వాయవ్య ప్రదేశే" అంటాడు. కొలమానం శ్రీశైలం. "శ్రీశైల శిఖరం చూస్తే పునర్జన్మ లేదు" అన్నది అందరి నోటా ఉన్న శ్లోకం. "కాశ్యాం తు మరణాన్ముక్తిః" అన్నదీ అంతే. ఈ రెండింటినీ పక్కన పెట్టి అచ్చంపేట వైపు ముసలివాళ్లు చేసే పరాచికం బాగుంటుంది: కాశిలో మోక్షానికి చావాలి, శ్రీశైలంలో చూస్తే చాలు, ఇంత దగ్గర ఇంత అగ్గువకు దొరుకుతుంటే అంత దూరం ఎందుకు?

బనారస్ అనే పేరు దగ్గరికొస్తే మాట తీరే మారిపోతుంది. ఇక్కడ భక్తి లేదు, ధర ఉంది. గద్వాల చీర నేత గురించి ఆ ఊళ్లో చెప్పుకునే కథ ఒకటుంది. సంస్థానం రోజుల్లో ఇక్కడి నేతగాళ్లను జరీ పని నేర్చుకు రమ్మని బనారస్ పంపారట. కథలో ఎంత నిజముందో గానీ గద్వాల చీర బనారస్ చీరలా ఉండదు. ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. విడివిడిగా ఉన్న నూలు పోగును, పట్టు పోగును మగ్గం మీదే ఒకదానికొకటి ముడేసి కలుపుతారు. చీరను వెలుతురుకు ఎత్తి అంచు కలిసే చోట వేలితో తడిమితే నూలు గరుకు నుంచి పట్టు నునుపుకు దిగే సన్నటి గీత తగులుతుంది. భౌగోళిక గుర్తింపు బనారస్ జరీ చీరలకు 2009లో, గద్వాలకు 2010లో వచ్చింది. ఆ చట్టం చెప్పేదేమిటంటే ఆ చోట నేసిందే ఆ పేరు పెట్టుకోవాలని. ఎక్కడో నేసిన చీరకు బనారస్ అని పేరు పెట్టి అమ్మితే నేరం. ఎక్కడో ఉన్న ఊరికి కాశి అని పేరు పెడితే పుణ్యం. ఒకే ఊరి రెండు పేర్లకు రెండు న్యాయాలు.

కాశిలా వినిపించి కాశి కానివి కొన్ని ఉన్నాయి, వాటితో జాగ్రత్తగా ఉండాలి. పల్లెల్లో కాశయ్య, కాశమ్మ విశ్వనాథుడి తాలూకు. కాశీం అలా కాదు. అది ఖాసిం. హుస్సేన్‌కు అన్న కొడుకై, కర్బలాలో అమరుడైనవాడి పేరు. పీర్ల పండుగలో ఆయన పెళ్లికొడుకు, "కాశీం దూలా" అని పాటలు కడతారు. పీరుకు మొక్కుకుంటే పుట్టిన పిల్లవాడికి హిందువుల ఇంట్లోనూ కాశీం అని పెట్టడం దక్షిణ తెలంగాణలో మామూలే. ఆధార్ కార్డు రాసేవాడు దాన్ని కాశీ అని దిద్ది కష్టాలు తెచ్చిపెడతాడు. రాతిపని చేసే కాసెవాళ్ల పేరులోనూ కాశి లేదు. ఇక పెంకుటిళ్ల ముందు పందిరికి పాకే కాశీరత్నం తీగ ఉంది కదా, దారపు పోగుల్లాంటి ఆకులు, నక్షత్రంలాంటి ఎర్ర పువ్వు. అది కాశి నుంచి రాలేదు, అమెరికా ఖండం మొక్క. అంత అందంగా, అంత దూరం నుంచి వచ్చినదానికి మనవాళ్లకు తెలిసిన అత్యంత దూరపు పేరు తగిలించారు.

శివకాశి సంగతి ఇంకా విచిత్రం. పాండ్యరాజు కాశి నుంచి లింగం తెస్తుంటే మోస్తున్న ఆవు మొరాయించి ఆగిన చోటు అది అని స్థల కథ. ఇక్కడి పిల్లలకు మాత్రం శివకాశి అంటే టపాకాయల పెట్టె. అదే ఊళ్లోని ప్రెస్సులు దేశానికంతా దేవుళ్ల క్యాలెండర్లు అచ్చేస్తాయి. మిర్యాలగూడ కిరాణా కొట్టు గోడ మీద గరిటె పట్టుకున్న కాశీ అన్నపూర్ణ బొమ్మ ఆ ఊళ్లోనే అచ్చయి ఉండే అవకాశం ఎక్కువ. ఒక కాశి దేవత, ఇంకో కాశిలో ముద్ర పడి, దక్షిణ కాశి దారిలో వేలాడుతుంటుంది.

యాత్ర చేసి వచ్చినవాళ్లు సంచిలోంచి తీసేవి మూడు. చుట్టాల మణికట్టుకు నల్ల కాశీ దారాలు. చిన్న ఇత్తడి అన్నపూర్ణ. మూతికి లక్క వేసిన, పిడికిట్లో పట్టే రాగి గంగ చెంబు. చెంబు దేవుడి గూట్లోకి చేరుతుంది. కొందరు గంగ సమారాధన పెట్టి పదిమందికి అన్నం పెట్టాకే దాని మూత తీస్తారు. కొందరు తీయరు. ఇంట్లో పెద్దవాళ్ల ఊపిరి బరువెక్కిన రాత్రి కోసం అట్టిపెడతారు. ఆ రాత్రి ఎవరో ఒకరు స్క్రూడ్రైవరు కోసం వెతుకుతారు, లక్క గట్టిపడి ఉంటుంది కాబట్టి. మూత ఊడితే తులసాకుతో రెండు చుక్కలు.

ఆ తర్వాత బొక్కలు పట్టుకుని నిజంగానే కాశికి పోదామని కొడుకు ఫోన్‌లో రైలు వెతుకుతాడు. కాశి అని కొడితే కాశీ అనే స్టేషనే వస్తుంది. గంగ వంతెన పక్కన, రాజ్‌ఘాట్ దగ్గరి చిన్న స్టేషన్ అది. అందులో చాలా రైళ్లు ఆగవు. బనారస్ అని కొడితే ఇంకోటి వస్తుంది. అది నిన్నటిదాకా మండువాడీహ్, 2021 జులైలో పేరు మార్చారు. మూడోది వారణాసి జంక్షన్. ఒక ఊరు, మూడు పేర్లు, ఏ పేరుకూ స్టేషన్ లేకపోలేదు. జంక్షన్ కోడ్ బీఎస్‌బీ. అందులో వారణాసి మొదటి అక్షరమే లేదు. రిజర్వేషన్ కౌంటర్ దగ్గర ముందున్న పెద్దాయన వెనక్కి తిరిగి, "ఏది కొట్టినా అదే ఊరికి పోతది, గంగ ఒడ్డుకే కదా నువ్వు పోయేది" అంటాడు.